ఇంటిని చక్కదిద్దుకోవడం: సంకల్పం నుండి ఆచరణ వరకు

సకల స్తోత్రాలు సర్వలోకాల ప్రభువైన అల్లాహ్‌కే శోభిస్తాయి. అంతిమ దైవప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం) పైన, వారి కుటుంబీకులపైన, సహచరులపైన శాంతీ శుభాలు వర్షించుగాక!



వుజూ చేసేటప్పుడు మనం వహించే జాగ్రత్త అందరికీ తెలిసినదే. మోచేతి వద్ద గోరంత చోటు తడవకుండా మిగిలినా వుజూ నెరవేరదని చిన్నపిల్లలకు సైతం నేర్పుతాము. అయితే అంత శ్రద్ధగా వుజూ ముగించి, జానమాజు పరచుకునేందుకు ఇంట్లో రెండు మూరల ఖాళీ దొరకక, కుర్చీమీది బట్టల గుట్టను మంచంపైకి, మంచంమీది సామానును నేలపైకి నెట్టుకుంటూ చోటు చేసుకునే ఇళ్లు మన మొహల్లాలలో తక్కువేమీ కావు. ఇల్లు సర్దాలని నిత్యం అనుకుంటూనే ఉంటాము. చెయ్యి మాత్రం ఆడదు. ఈ మాటను పైకి చెప్పుకోవడానికి సిగ్గుపడతాము గనుక ఇది ధర్మానికి సంబంధించని చిన్న విషయమని తోసివేస్తాము. ఈ శుక్రవారం ఈ విషయాన్నే ధర్మం వెలుగులో కాస్త నిదానంగా పరిశీలిద్దాము.

ఇల్లు ఎందుకు ప్రసాదించబడింది?

దివ్య ఖుర్ఆన్‌లోని అన్ నహ్ల్ సూరా 80వ వాక్యంలో అల్లాహ్ తన అనుగ్రహాలను గుర్తుచేస్తూ, మన ఇళ్లను మనకు నెమ్మదినిచ్చే తావులుగా చేశానని తెలియజేశాడు. అక్కడ ఇంటికి వాడబడిన అరబీ పదం ‘సకన్’. మనం ఇళ్లలో నిత్యం పలికే ‘సుకూన్’ అనే మాట పుట్టినది ఆ ధాతువు నుండే. అంటే ఇంటికి ధర్మం ఇచ్చిన నిర్వచనంలోనే మనశ్శాంతి ఇమిడి ఉన్నది. గోడలు, కప్పు ఉన్నంత మాత్రాన అది సకన్ కాదు. అలసి వచ్చినవాడు కూర్చునేందుకు, పిల్లవాడు చదువుకునేందుకు, వృద్ధులు తడబడకుండా నడిచేందుకు, దాసుడు తన ప్రభువు ముందు సజ్దా చేసేందుకు వీలున్నప్పుడే అది సకన్ అవుతుంది.

ఇక్కడ ఒక భేదాన్ని స్పష్టంగా గ్రహించాలి. ధర్మశాస్త్రంలో ‘తహారత్’ వేరు, ‘నజాఫత్’ వేరు. నమాజు చేసే చోటు, వస్త్రం, శరీరం అశుద్ధం నుండి శుద్ధంగా ఉండటం తహారత్. అది నమాజుకు షరతు. వస్తువులు ఒద్దికగా, ఇల్లు చూడముచ్చటగా ఉండటం నజాఫత్. అది అభిలషణీయం, ప్రియమైన గుణం. చిందరవందరగా ఉన్న గది అంతమాత్రాన అశుద్ధమైపోదు. అందులో చేసిన నమాజు చెల్లుతుంది. ఇల్లు సర్దుకోలేకపోయినందుకు ఎవరినీ పాపాత్ములని నిందించే అధికారం మనకు లేదు. అయితే ఆ చిందరవందర ఎవరికైనా హాని కలిగించినా, దుబారాకు దారితీసినా, ఇతరుల సొత్తు అందులో మరుగున పడినా, అప్పుడది లెక్క చెప్పుకోవలసిన వ్యవహారం అవుతుంది.

పరిశుద్ధత విశ్వాసంలో సగభాగమని దైవప్రవక్త (సఅసం) బోధించినట్లు సహీహ్ ముస్లింలో ఉన్నది. దారిలో బాధ కలిగించే వస్తువును తొలగించడం సైతం విశ్వాసపు శాఖలలో ఒకటని వారు చెప్పారు. ఊరందరూ నడిచే బాటలోని ముల్లును తీయడమే విశ్వాసమైతే, మన తల్లి రాత్రివేళ లేచి నడిచే వసారాలో అడ్డుగా పడివున్న పెట్టెను తీయడం విశ్వాసం కాకుండా ఎలా పోతుంది?

మనసు ఎందుకు మొండికేస్తుంది?

వైద్యుడు ముందు రోగకారణాన్ని వెదకుతాడు. ఇల్లు సర్దడానికి మనసు రాకపోవడానికి కారణాలు అందరిలోనూ ఒక్కటి కావు. వాటిలో ముఖ్యమైనవి నాలుగు కనిపిస్తాయి.

మొదటిది, పని పరిమాణాన్ని చూసి బెదిరిపోవడం. అటక మీద పదేళ్ల సామాను, బీరువా నిండా బట్టలు, మంచం క్రింద డబ్బాలు కంటబడగానే, ఒక్క రోజులో తేలే పని కాదని మనసు తీర్పు చెప్పేస్తుంది. ఒక్క రోజులో తేలనిది ఏ రోజూ మొదలుకాదు. దీనికి దైవప్రవక్త (సఅసం) చూపిన మందు సుప్రసిద్ధం: అల్లాహ్‌కు అత్యంత ప్రియమైన ఆచరణ, కొద్దిపాటిదైనా సరే, ఎడతెగకుండా చేసేదేనని బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఉన్నది. ఈ సూత్రం తహజ్జుద్‌కు, తిలావత్‌కు ఎంత వర్తిస్తుందో, అల్మారాలోని ఒక అరకూ అంతే వర్తిస్తుంది.

రెండవది, వస్తువుపై మమకారం, లేమి భయం. ఎప్పటికైనా పనికొస్తుందన్న ఒక్క మాట మీద పాడైన మిక్సీ, జత తప్పిన చెప్పు, మూత లేని డబ్బా, పిల్లలకు పొట్టియైన దుస్తులు ఏళ్ల తరబడి నిలిచిపోతాయి. లేమిని చవిచూసిన పెద్దలకు ఈ భయం సహజం. వారిని ఎగతాళి చేయరాదు. అయితే ఆదం కుమారుడు ‘నా సంపద, నా సంపద’ అంటూ ఉంటాడనీ, నిజానికి తిని అరిగించుకున్నది, తొడిగి చివికించినది, దానమిచ్చి ముందుకు పంపుకున్నది తప్ప అతనికి దక్కేది ఏదీ లేదనీ దైవప్రవక్త (సఅసం) హెచ్చరించిన హదీసును ఇక్కడ తలచుకోవాలి. అటక మీద మూటగట్టినది ఈ మూడింటిలో దేనిలోనూ చేరదు. దానిని తిననూ లేదు, తొడగనూ లేదు, ముందుకు పంపనూ లేదు.

మూడవది, భారమంతా ఒక్కరిపైనే పడటం. ఇంటిల్లిపాదీ చెల్లాచెదరు చేసిన దానిని ఒక్క ఇల్లాలే ఎత్తిపెట్టవలసి వచ్చినప్పుడు, ఈ రోజు సర్దినది రేపటికి మళ్లీ అలాగే తయారైనప్పుడు, ఆమె మనసు విరిగిపోవడంలో వింత ఏమున్నది? దానిని సోమరితనమని పిలవడం అన్యాయం. దైవప్రవక్త (సఅసం) ఇంట్లో ఉన్నప్పుడు ఏమి చేసేవారని ప్రశ్నించగా, వారు ఇంటివారి సేవలో నిమగ్నులై ఉండేవారనీ, నమాజు వేళ కాగానే బయలుదేరేవారనీ హజ్రత్ ఆయిషా (రజి) చెప్పినట్లు బుఖారీలో ఉన్నది. గడ్డం విషయంలో, పాగా విషయంలో సున్నత్‌ను వెదకే మన పురుషులు ఈ సున్నత్‌ను కూడా వెదకాలి. తాను తిన్న పళ్లెం తాను ఎత్తడం, తన మంచం తాను దులపడం, తన బట్టలు తాను మడవడం వల్ల ఏ పురుషుని గౌరవమూ తగ్గదు.

నాలుగవది, దుఃఖం, అనారోగ్యం. ప్రసవానంతరం, ఆప్తుల మరణానంతరం, దీర్ఘవ్యాధిలో, మానసిక కుంగుబాటులో మనిషికి మంచం దిగడమే కొండంత పని అవుతుంది. అటువంటివారికి ఉపదేశం కంటే తోడ్పాటు అవసరం. వైద్యుణ్ణి సంప్రదించడం తవక్కుల్‌కు విరుద్ధం కాదు. చికిత్స చేయించుకొమ్మని చెప్పినవారు దైవప్రవక్తే (సఅసం). ఇరుగుపొరుగువారు వెళ్లి ఒక పూట గిన్నెలు కడిగి, బట్టలు ఉతికిపెట్టి, చూసిన స్థితిని నలుగురిలో చెప్పకుండా ఉంటే, అది పొరుగువారి హక్కును నెరవేర్చడమూ అవుతుంది, వారి గుట్టును కాపాడటమూ అవుతుంది.

చీపురు పట్టిన చేతి గౌరవం

ఇంటి పనిని అల్పమైనదిగా భావించడం కూడా ఉత్సాహాన్ని హరిస్తుంది. మస్జిదె నబవీని ఊడ్చి శుభ్రం చేసే ఒక నల్లజాతి స్త్రీ ఉండేది. ఆమె మరణించగా సహచరులు ఆ విషయాన్ని దైవప్రవక్త (సఅసం)కు తెలియజేయకుండానే ఖననం చేశారు. ఆమె కనబడకపోవడంతో వారు స్వయంగా విచారించి, తనకెందుకు చెప్పలేదని అడిగి, సమాధి వద్దకు వెళ్లి ఆమె కొరకు నమాజు చేశారు. లోకం గుర్తించని ఆ చీపురును దైవప్రవక్త (సఅసం) గుర్తించారు.

హజ్రత్ ఫాతిమా (రజి) వృత్తాంతమూ ఇటువంటిదే. తిరగలి తిప్పి తిప్పి చేతులు నొప్పిపుట్టగా, ఒక సేవకుని కోరుకుందామని ఆమె తండ్రిగారి ఇంటికి వెళ్లారు. వారు అప్పుడు ఇంట లేరు. రాత్రి వారే స్వయంగా కుమార్తె ఇంటికి వచ్చి, నిద్రకు ముందు సుబ్‌హానల్లాహ్ 33 సార్లు, అల్‌హమ్దులిల్లాహ్ 33 సార్లు, అల్లాహు అక్బర్ 34 సార్లు పఠించమనీ, అది సేవకుని కంటే మేలైనదనీ బోధించారు. ఇంటి చాకిరితో అలసిన స్త్రీకి దైవప్రవక్త (సఅసం) ఇచ్చిన కానుక ఇది. ఆమె అలసటను వారు కొట్టిపారేయలేదు. దానిని విన్న ఆ రాత్రే వచ్చి ఆమె ప్రక్కన కూర్చున్నారన్నది మనం విస్మరించరాదు.

ఆచరణ ఎలా మొదలుపెట్టాలి?

ముందు సంకల్పం. నియ్యత్ సరిగా ఉంటే నిత్యకృత్యమే ఇబాదత్‌గా మారుతుంది. అతిథులు వస్తున్నారని సర్దే ఇల్లు అతిథులు వెళ్లగానే మునుపటి స్థితికి వస్తుంది. అల్లాహ్ పరిశుద్ధతను పాటించేవారిని ప్రేమిస్తాడన్న అల్ బఖరా సూరా 222వ వాక్యపు భావాన్ని మనసున నిలుపుకొని సర్దినవారికి అతిథి వచ్చినా రాకపోయినా చూసేవాడొకడు ఉన్నాడు.

తరువాత వేళ. అయిదు పూటల నమాజు మన దినానికి అయిదు గుంజలు పాతిపెట్టింది. పనిని వాటిలో ఒకదానికి కట్టండి. ఉదాహరణకు అస్ర్ నమాజు కాగానే పదిహేను నిమిషాలు. ఆ పదిహేను నిమిషాలలో ఒక్క అర, లేదా ఒక్క సొరుగు, లేదా ఒక్క సంచి. వేళ కాగానే ఆపివేయండి. ఇంకా చేయాలని ఉన్నా ఆపివేయడం మంచిది; రేపటికి ఆ కోరిక మిగులుతుంది. తొలిరోజు జానమాజు పరచే చోటునే శుభ్రం చేసుకోండి. ఇంట్లో ఆ ఒక్క మూల నిర్మలంగా కనబడితే, అది మిగతా ఇంటికి ప్రతిదినం పాఠం చెబుతుంది. ఇళ్లను సమాధులుగా మార్చవద్దనీ, కొన్ని నమాజులు ఇంట్లోనూ చేయమనీ వచ్చిన ఆదేశం కూడా దీనితో నెరవేరుతుంది.

చేతికి వచ్చిన ప్రతి వస్తువునూ నాలుగు భాగాలలో ఏదో ఒకదానిలో వేయండి: ఉంచుకోవలసినది, ఇచ్చివేయవలసినది, తిరిగి అప్పగించవలసినది, పారవేయవలసినది. ‘తరువాత చూద్దాం’ అనే అయిదవ భాగానికి తావివ్వకండి. ఇల్లు నిండినది దానితోనే. అసమర్థత నుండి, సోమరితనం నుండి అల్లాహ్ శరణు కోరే దుఆను దైవప్రవక్త (సఅసం) తరచుగా చేసేవారు. పని మొదలుపెట్టే ముందు ఆ దుఆ చేసుకోవడం అలవరచుకోండి.

ఇచ్చివేయడంలో మర్యాద

ఇచ్చివేసే భాగం విషయంలో ఒక హెచ్చరిక. చిరిగిన దుప్పటిని, గుండీలు ఊడిన చొక్కాను, అడుగు కాలిపోయిన గిన్నెను పేదవారి వాకిట పెట్టి దానినే సదఖా అనుకోరాదు. మనకెవరైనా ఇస్తే కళ్లు మూసుకుంటే తప్ప పుచ్చుకోలేని నాసిరకం వస్తువులను దానానికి ఎంచుకోవద్దని అల్ బఖరా సూరా 267వ వాక్యం వారిస్తున్నది. ప్రియమైన వాటి నుండి ఖర్చు చేయనంతవరకు పుణ్యస్థాయిని అందుకోలేరన్న ఆలి ఇమ్రాన్ సూరా 92వ వాక్యం అవతరించినప్పుడు, హజ్రత్ అబూ తల్హా (రజి) మదీనాలో తనకు అన్నిటికంటే ప్రియమైన బైరుహా తోటనే సమర్పించారు. కనుక ఇచ్చే బట్టను ఉతికి, మడిచి, గుండీ ఊడితే కుట్టి ఇవ్వండి. వాడుకోదగినది పేదలకు, బాగుచేయదగినది బాగుచేసేవారికి, దేనికీ పనికిరానిది చెత్తబండికి చేరాలి.

అలాగని ఉత్సాహం ముదిరి, వాడుకోదగిన వస్తువును వీధిలో పారవేయడమూ తగదు. సొత్తును వృథా చేయడం అల్లాహ్‌కు అప్రియమని హదీసులో ఉన్నది. మన నూర్‌బాషా సోదరుల చేతిలో గడ్డకట్టిన పాత దూది మళ్లీ ఏకబడి మెత్తని పరుపైన రోజులు పెద్దలకు గుర్తే. ఏకే మరలున్న ఊళ్లలో నేటికీ ఆ వీలున్నది. పారవేసే ముందు ఒక్కసారి అడిగి చూడటంలో నష్టం లేదు.

మనవి కాని వస్తువులు

ఇల్లు సర్దేటప్పుడు బయటపడేవన్నీ మనవి కావు. పొరుగింటి నుండి తెచ్చిన పళ్లెం, స్నేహితుని పుస్తకం, పెళ్లికి అరువు తెచ్చిన దేగిషా వంటివి అమానతులు. అమానతులను వాటి హక్కుదారులకు అప్పగించమని అన్ నిసా సూరా 58వ వాక్యం ఆదేశిస్తున్నది. అవి ఏళ్లుగా మన ఇంట్లో ఉన్నంత మాత్రాన మన సొత్తు కాజాలవు. ఇంట్లోని ఇతరుల వస్తువులను, ముఖ్యంగా అత్తమామలు, తల్లిదండ్రులు దాచుకున్న వాటిని, వారికి తెలియకుండా తీసివేయడం కూడా వారి హక్కును భంగపరచడమే.

అన్నిటికంటే సున్నితమైనది మరణించినవారి సామాను. తల్లి పోయిన తరువాత ఆమె సందూఖును తెరవడానికి మనసొప్పదు. కొన్ని ఇళ్లలో అది ఏళ్ల తరబడి తాళంతోనే ఉంటుంది. మరికొన్ని ఇళ్లలో నలభై రోజులు కాకముందే, దగ్గరున్న కోడలో కూతురో చీరలన్నీ పంచిపెట్టేస్తారు. రెండూ సరికావు. మరణించినవారి సూది సైతం మీరాసులో భాగమే. అంత్యక్రియల ఖర్చు, అప్పులు, మూడింట ఒక వంతుకు మించని వసియ్యత్ తీరిన తరువాత మిగిలినది వారసులందరిదీ. వారిలో యుక్తవయస్కులైన వారందరూ మనస్ఫూర్తిగా అంగీకరిస్తేనే తమ వాటాను దానం చేయవచ్చు. వారసులలో చిన్నపిల్లలుంటే వారి వాటాను పుణ్యం పేరిట సైతం పంచిపెట్టే అధికారం ఎవరికీ లేదు. అనాథల సొమ్ము విషయంలో ఖుర్ఆన్ హెచ్చరిక ఎంత తీవ్రమైనదో మీకు తెలియనిది కాదు. కనుక అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు ఒక రోజు కూడి, ఆ సందూఖును కలిసి తెరవండి. వాటాలు తేల్చుకోండి. జ్ఞాపకానికి ఒక్కొక్క వస్తువు ఉంచుకోండి. తల్లి పేరిట సంతోషంగా ఇచ్చిన ఒక్క చీర, తాళం వెనుక చివికిపోయే నలభై చీరల కంటే ఆమెకు మేలు.

పవిత్ర నామాలు గల కాగితాల విషయం కూడా అనేకులను ఆపుతుంది. పాత ఖుర్ఆన్ ప్రతులు, చిరిగిన పారాలు, బిస్మిల్లాహ్ ముద్రించిన పెళ్లిపత్రికలు, క్యాలెండర్లు ఏమి చేయాలో తెలియక ఎన్నో ఇళ్లలో గుట్టలుగా మిగిలిపోతాయి. చదవడానికి వీలుకాని ప్రతులను శుభ్రమైన గుడ్డలో చుట్టి, కాళ్లు పడని చోట పాతిపెట్టడం మన ఉలమా చూపిన మార్గం. కొన్ని మస్జిద్‌లలో వీటి కోసం ప్రత్యేకంగా పెట్టె ఉంచుతారు. మీ మస్జిద్‌లో లేకుంటే ఒకటి ఏర్పాటు చేయించండి.

మళ్లీ నిండకుండా

ఒక చేత్తో ఖాళీ చేస్తూ మరో చేత్తో నింపుతుంటే ఈ శ్రమంతా వృథా. పురుషునికి ఒక పడక, భార్యకు ఒకటి, మూడవది అతిథికి, నాలుగవది షైతానుకు అని సహీహ్ ముస్లింలోని ఒక హదీసు తెలుపుతున్నది. అవసరం, అతిథి మర్యాద రెంటికీ ధర్మం చోటిచ్చింది. ఆడంబరానికి మాత్రం ఇవ్వలేదు. పండుగ తగ్గింపు ధరలు చూసి, వాయిదాల సౌకర్యం చూసి కొనే ముందు, ఇది మన ఇంట్లో నాలుగవ పడక అవుతుందా అని ప్రశ్నించుకోండి. దుబారా చేసేవారిని షైతాను సోదరులుగా పేర్కొన్న బనీ ఇస్రాయీల్ సూరా 27వ వాక్యం మన బీరువా తలుపుపై రాసి ఉన్నట్లుగా భావించండి.

ఇంటి వెలుపలి విషయం ఒకటి మిగిలింది. డెంగ్యూను వ్యాపింపజేసే దోమ మంచినీటిలోనే పెరుగుతుంది. డాబా మీది పాత టైరు, పగిలిన కుండ, కూలరు అడుగు, కొబ్బరి చిప్ప దానికి చాలు. గుడ్డు దోమగా మారడానికి వారం నుండి పది రోజులు పడుతుంది. అందుకే వారానికొకసారి నిల్వ నీటిని పారబోయమని వైద్యశాఖవారు చెబుతూ, మన తెలుగు రాష్ట్రాలలో శుక్రవారాన్ని ‘డ్రై డే’గా పాటించమంటున్నారు. ఆ గుడ్లు పాత్ర గోడలకు అంటుకొని ఉంటాయి గనుక నీరు పారబోసి, లోపల రుద్ది కడగాలి. జుమా నాడు గుస్ల్ చేసి, శుభ్రమైన వస్త్రాలు ధరించి, సుగంధం పూసుకొని మస్జిద్‌కు వచ్చే సముదాయానికి ఆ రోజునే డాబా కూడా ఒకసారి చూసుకోవడం కష్టమైన పని కాదు. మన నిర్లక్ష్యపు దోమ పొరుగింటి పసిబిడ్డను కుడితే, ఆ బాధ్యత మనపై ఉండదని ఎవరు చెప్పగలరు?

చివరిగా, ఈ విషయంలో అతి కూడా తగదు. నేలపై పిల్లల బొమ్మ కనబడగానే మండిపడే ఇంట్లో, అంతా తళతళలాడినా సుకూన్ ఉండదు. కడిగినదే పదేపదే కడిగే వస్‌వసా పరిశుద్ధత కాదు. ధర్మం కోరేది అద్దం వంటి ఇల్లు కాదు. నివసించేవారికి నెమ్మదినీ, వచ్చేవారికి చోటునూ, సజ్దాకు శుద్ధమైన నేలనూ ఇచ్చే ఇల్లు.

కనుక సోదరులారా! ఈ రోజు ఇంటికి వెళ్లాక, ఎవరినీ ఆజ్ఞాపించకుండా, మీ చేతితో మీరే ఒక్క అర సర్దండి. రేపు అస్ర్ తరువాత మరొక్కటి.

ఓ అల్లాహ్! మా ఇళ్లను మాకు నెమ్మదినిచ్చే తావులుగా చేయి. అసమర్థత నుండి, సోమరితనం నుండి, దుబారా నుండి మమ్మల్ని కాపాడు. ఇంటి భారాన్ని మోసే మా తల్లులకు, భార్యలకు, అక్కచెల్లెళ్లకు ఆరోగ్యాన్నీ, గొప్ప ప్రతిఫలాన్నీ ప్రసాదించు. వారి భారాన్ని పంచుకునే హృదయాన్ని మాకివ్వు. మా బాహ్యాన్నీ, మా అంతరంగాన్నీ పరిశుద్ధం చేయి. ఆమీన్.